రంగా గారి ప్రసంగాలు రైతు చేతికి రావాలి

ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారం. మా నాన్న కౌలు రైతు. కౌలుకి చేస్తున్నట్టు ఇచ్చే కౌలు కార్డుకి భూయజమాని సంతకం కావాలన్నారు. రెండు సీజన్లు ఆ సంతకం కోసం తిరిగి, చివరికి ఊరుకున్నారు. గుంటూరు దగ్గర లాంలోని వ్యవసాయ విశ్వవిద్యాలయం మీదుగా వెళ్లినప్పుడల్లా, దానికున్న రైతు నాయకుడు ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు చూస్తే నాకు ఆ సంతకమే గుర్తొస్తుంది. రైతు కష్టాన్ని ఢిల్లీలో ఆయన ఎలా చెప్పారో అక్కడ చదివే పిల్లలకు తెలియాలి కదా.

1900లో నిడుబ్రోలులో పుట్టి, ఆక్స్‌ఫర్డ్‌లో చదివి, మద్రాసు పచ్చయ్యప్ప కళాశాలలో ఆర్థికశాస్త్రం చెప్పిన మనిషి ఆయన. 1930లో కేంద్ర శాసనసభకు వెళ్లారు. ఢిల్లీ వెళ్లినా ఊరిని వదల్లేదు. నిడుబ్రోలులోనే రైతులకు రాజకీయాలు నేర్పే పాఠశాల పెట్టారు, జమీందారీ రైతుల వెంట నడిచారు. తెనాలి, చిత్తూరు, శ్రీకాకుళం, గుంటూరు ఆయన్ను లోక్‌సభకు పంపాయి. గుంటూరు ఎంపీగా చివరి పదవీకాలం 1991లో ముగిసేసరికి ఆయనకు తొంభై ఏళ్లు.

1959లో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ సహకార సేద్యానికి, అంటే రైతులు భూములు కలిపి ఉమ్మడిగా సాగు చేయడానికి, తీర్మానం చేస్తే, ఆయన ఒప్పుకోలేదు. నెహ్రూ గారికి ఎదురులేని రోజులవి. అయినా పార్టీని వదిలి, రాజాజీ గారితో కలిసి స్వతంత్ర పార్టీ పెట్టి, దానికి అధ్యక్షుడయ్యారు. ఒకరికి ఇంతకు మించి భూమి ఉండకూడదనే భూ పరిమితిని కూడా ఆ పార్టీ వ్యతిరేకించింది. సెంటు భూమి లేని ఇంట్లో పుట్టిన నేను ఆ మాటతో ఏకీభవించలేను. కానీ నమ్మినదాని కోసం అధికార పార్టీని వదులుకున్న ఎంపీ అంటే నాకు గౌరవం.

ఆయన ప్రసంగాలు లోక్‌సభ రికార్డుల్లో ఇంగ్లీషులో ఉన్నాయి. వాటిలో సాగు, గిట్టుబాటు ధర, అప్పుల మీద మాట్లాడినవి ఏరి, మామూలు తెలుగులో ఒక పుస్తకంగా వేయించండి. ఆయన్ను సభలో ఎదిరించినవాళ్ల మాటలూ అందులో ఉండాలి. అగ్రికల్చర్ బీఎస్సీ మొదటి ఏడాది పిల్లలకు ఇవ్వండి, ప్రతి రైతు సేవా కేంద్రంలో ఒక కాపీ పెట్టండి.

నవంబరు 7 ఆయన జయంతి. ఆ రోజు లాంలో దండ వేశాక, ఆయన ప్రసంగం ఒకటి తెలుగులో చదివించండి. వినడానికి కౌలు రైతులను కూడా పిలవండి. మా నాన్న వస్తారు.

ఇట్లు,
ఒక కౌలు రైతు కొడుకు,
గుంటూరు జిల్లా