వీడియో ఆగకుండా నడిస్తేనే హాజరా? ఉపకులపతి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఉపకులపతి గారికి,

గుంటూరులో డిగ్రీ విద్యార్థులకు పాఠాలు చెప్పే అధ్యాపకుణ్ణి. ఆన్‌లైన్ పాఠాల హాజరు విషయంపై మీ కార్యాలయానికి ఇచ్చిన వినతిపత్రాలకు జవాబు రాలేదు. అందుకే నలుగురి ముందూ రాయాల్సి వస్తోంది.

ఆన్‌లైన్ చదువుకు నేను వ్యతిరేకిని కాను. ఐఐటీలు ఆన్‌లైన్‌లో అందించే ఎన్‌పీటెల్ పాఠాలు చూసి నేనే చాలా నేర్చుకున్నాను. కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ కోర్సుల వేదిక ‘స్వయం’ ద్వారా సెమిస్టర్‌లో 40 శాతం దాకా కోర్సులు చేసుకోవచ్చని యూజీసీ 2021లో నిబంధనలు తెచ్చింది. మంచిదే.

మన విశ్వవిద్యాలయం ఆన్‌లైన్ పాఠాల పోర్టల్ సంగతి వేరు. వీడియో చివరిదాకా ఆగకుండా నడిస్తేనే హాజరు పడుతుంది. సిగ్నల్ పోతే మళ్లీ మొదటికే. ప్రత్తిపాడు వైపు నుంచి వచ్చే నా విద్యార్థిని ఇంట్లో ఉన్నది ఒక్కటే స్మార్ట్‌ఫోన్. మిర్చి యార్డులో హమాలీ పనిచేసే వాళ్ల నాన్న రాత్రి ఇంటికొచ్చాకే అది ఆమె చేతికొస్తుంది. అప్పటికే ఆ రోజు డేటా అయిపోయి ఉంటుంది. తరగతిలో ముందు వరుసలో కూర్చుని ప్రశ్నలడిగే ఆ అమ్మాయికి, హాజరు చాలదని పరీక్ష రాయనివ్వరేమోనని టెన్షన్. సౌండ్ తీసేసి వీడియో నడవనిచ్చి నిద్రపోయేవాళ్లకు మాత్రం నూటికి నూరు శాతం హాజరు! కాలేజీ ల్యాబ్‌కేమో సాయంత్రం నాలుగింటికే తాళం.

పరీక్షల నోటిఫికేషన్ రాకముందే వీడియో హాజరు నిబంధనను రద్దు చేయండి. పాఠాలను తక్కువ సైజులో డౌన్‌లోడ్ చేసుకోనివ్వండి. ల్యాబ్‌లు ఏడింటిదాకా తెరిపించండి. ప్రతి ఆన్‌లైన్ పేపర్‌కూ సందేహాలు తీర్చడానికి వారానికో పీరియడ్ ఇవ్వండి. అదనపు వేతనం అడగకుండా నేను తీసుకుంటాను. మీ నిర్ణయాన్ని లిఖితపూర్వకంగా తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక అధ్యాపకుడు, గుంటూరు