పాత కారుకు ఫీజు ఒక్కటే చాలదు, తనిఖీ మార్చండి: కేంద్ర రోడ్డు రవాణా మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

నమస్కారం. పాత కార్లు విప్పి బిగించే మెకానిక్కులం, వాటిని నడుపుకునే యజమానులం కలిసి రాస్తున్నాం.

2021 జులైలో మీ శాఖ తెచ్చిన వింటేజ్ నిబంధనలు మంచివి. మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటి, ఛాసిస్, బాడీ, ఇంజిన్ మార్చని బండికి ‘వీఏ’ అక్షరాలున్న ప్రత్యేక నంబరు వస్తుంది. కొత్తగా తీసుకుంటే 20,000 రూపాయలు, ఆపైన పదేళ్లకోసారి 5,000. మరి 1980లో రిజిస్టరైన ప్రీమియర్ పద్మిని సంగతేంటి? 2030 దాకా అది ఉత్త పాత బండే. 2025 ఆగస్టు సవరణ తర్వాత ఐదేళ్ల రిజిస్ట్రేషన్ రెన్యువల్‌కే 10,000, పాత బండ్ల మీద రాష్ట్రాలు వేసే గ్రీన్ ట్యాక్స్ వేరే.

కట్టమంటే కడతాం. కట్టిన డబ్బుకు తగ్గ తనిఖీ జరగాలన్నదే మా బాధ. ఛాసిస్ నంబరు రుద్ది, లైట్లు, హారన్ చూసి పంపేస్తే ప్రమాదం బండిలోనే ఉండిపోతుంది.

ఆ కాలపు కార్లలో చాలావాటికి నాలుగు చక్రాలకూ కలిపి బ్రేకు ఆయిల్ లైను ఒక్కటే. బ్రేక్ ఆయిల్ తేమను పీలుస్తుంది. ఆ తడికి చక్రం దగ్గర బ్రేకును నెట్టే వీల్ సిలిండర్ లోపల తుప్పు గుంటలు పడి, రబ్బరు కప్పు అరిగి, ఆయిల్ బ్రేకు లైనింగు మీదికి కారుతుంది. ఒక్క చక్రం దగ్గర లైను ఖాళీ అయినా నాలుగింటికీ బ్రేకు పోతుంది. పెడల్‌ను నిమిషం పాటు నొక్కి పట్టండి. మెల్లగా కిందికి దిగితే పెడల్ ఒత్తిడిని ఆయిల్‌కు అందించే మాస్టర్ సిలిండర్ పాడైనట్టో, బయట లీకున్నట్టో. డ్రమ్ము విప్పి రబ్బరు బూటు ఎత్తితే తడి కంటికే కనిపిస్తుంది.

ముందు చక్రాన్ని జాకీపై లేపి, పైనా కిందా పట్టి ఊపాలి. ఆట ఉంటే ఇంకొకరితో బ్రేకు నొక్కించాలి. అప్పుడు ఆట ఆగితే బేరింగు అరిగినట్టు, ఆగకపోతే చక్రం పక్కకు తిరిగే ఇరుసు, అంటే కింగ్ పిన్ను, అరిగినట్టు. తలుపుల కింది రేకుకు అయస్కాంతం అంటకపోతే అక్కడ తుప్పు మీద పుట్టీ పూసినట్టే. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు వచ్చాక పాత రబ్బరు పైపులు, పెట్రోలు పంపులోని డయాఫ్రమ్ (పల్చటి పొర) కూడా చూడక తప్పదు. ఇదంతా అరపూట పని. మెకానిక్కు చెయ్యి పడాలి, యంత్రం ఒక్కటే చాలదు.

జర్మనీలో 30 ఏళ్లు దాటి, అసలు రూపంలో ఉన్న కారుకు ‘హెచ్’ (చారిత్రక వాహనం) నంబరు ఇస్తారు. పన్ను ఏటా స్థిరంగా 191.73 యూరోలు, రెండేళ్లకోసారి తనిఖీ మాత్రం ఖాయం. మనకూ 30 ఏళ్ల దగ్గర ఒక తరగతి పెట్టండి. సీటు బెల్టు, పొగ లాంటివి బండి తయారైన నాటి ప్రమాణంతో కొలవండి, బ్రేకు, స్టీరింగు, తుప్పు విషయంలో మాత్రం ఏ సడలింపూ వద్దు.

ఇంకొక్క మాట. నిలబెట్టిన కారుకే బ్రేకు సిలిండర్లు తొందరగా పట్టేస్తాయి. వింటేజ్ బండిని మామూలు వాడకానికి తిప్పకూడదన్నారు, మెయింటెనెన్స్‌కు అనుమతించారు. నెలకోసారి కాస్త దూరం నడపడం ఆ మెయింటెనెన్స్‌లో భాగమేనని, ఒంటి లైను బ్రేకును జంట లైనుగా మార్చడం ‘రూపం మార్చడం’ కిందికి రాదని స్పష్టంగా ఒక సర్క్యులర్ ఇప్పించండి.

భవదీయులు,
పాత కార్ల మెకానిక్కులు, యజమానులు