శంషాబాద్ బస్సులో మన విమానం

కర్నూలు,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మామా,

నీ మెసేజ్ చూశాను. మెసేజ్ ఏముంది, రెండు లైన్ల తిట్లు. "కర్నూలు పక్కన ఓర్వకల్లులో విమానాశ్రయం కట్టి ఇన్నేళ్లయింది, ముంబై నుంచి సూటిగా దిగే యోగం మాకు లేదా? ఊళ్లో ఉండి మీరంతా ఏం చేస్తున్నట్టు?" అని. ఫోన్లో చెప్పబోతే నువ్వు మధ్యలో మీటింగ్ అని పెట్టేస్తావు. అందుకే ఉగ్గాని బజ్జీ తిని, షాపు షట్టరు సగం దించి, తీరిగ్గా రాస్తున్నా. ఓపిగ్గా చదువు.

నెల కిందట ఊళ్లో వ్యాపారులు మీటింగ్ పెట్టి, టికెట్లు బుక్ చేసేవాడు ఒకడుండాలని నన్నూ పిలిచారు. అందరిదీ ఒకటే మాట. ఢిల్లీ పోదాం, వినతిపత్రం ఇద్దాం, శాలువా కప్పుదాం. పత్రం కూడా రెడీ చేశారు. అట్ట మీద కొండారెడ్డి బురుజు బొమ్మ, లోపల మొదటి పేజీ అంతా 1953లో మనది ఆంధ్ర రాష్ట్ర రాజధాని అన్న సంగతే. చదువుతుంటే గర్వంగానే ఉందిలే. కానీ విమానం నడిపేవాడు దాన్నేం చేసుకుంటాడు చెప్పు? మన పాత బస్టాండు దగ్గర షేర్ ఆటోవాడిని చూడు. కొత్త కాలనీ చరిత్ర అడుగుతాడా? పొద్దున ఎంతమంది నిలబడతారు, వచ్చేటప్పుడు ఖాళీగా రావాలా, అంతే. చవక విమానాలదీ అదే లెక్క. ఒకే రకం విమానం, దిగిన అరగంటలోపు మళ్లీ ఎగరాలి, నేల మీద ఉన్నంతసేపూ నష్టమే. వచ్చేటప్పుడు నిండి, పోయేటప్పుడు ఖాళీ అంటే రెండో వారానికే మొహం చాటేస్తాడు.

మన దగ్గర రన్‌వే 2,000 మీటర్లు. దిగేవి రెక్కల ముందు ఫ్యాన్లు తిరిగే చిన్న విమానాలు, ఏటీఆర్‌లు. ఇండిగో ఏటీఆర్‌లో 78 సీట్లుంటాయి. వారానికి మూడు రోజులు వేశాడనుకో, ఒకవైపుకే 234 సీట్లు. పదిలో ఏడు నిండాలన్నా వారానికి 164 మంది కావాలి, తిరుగు ప్రయాణానికి ఇంకో 164 మంది. అది కూడా ఉగాదికి, సంక్రాంతికి కాదు. ఆషాఢంలో, బుధవారం నాడు! ఈ మాట మీటింగులో అనేసరికి అంతా గమ్మున కూర్చున్నారు. ఒకాయన మాత్రం "ఊరంతా మావాళ్లే, ఎందుకు నిండదు" అన్నాడు. మొన్న ఆయనే కొడుకుని సాగనంపడానికి శంషాబాద్‌కు కారు మాట్లాడించుకుపోయాడు, నా ద్వారానే.

అసలు సంగతి అక్కడే ఉంది మామా. మన ఊళ్లో విమానం ఎక్కేవాళ్లు లేక కాదు, ఉన్నవాళ్లంతా శంషాబాద్‌కు కారిపోతున్నారు. 2008లో అక్కడ ఆ విమానాశ్రయం, దేవనహళ్లిలో బెంగళూరుది తెరిచారు. రెండూ 44వ నంబరు హైవేకి అందుబాటులోనే ఉన్నాయి. మనం మధ్యలో ఉండి ఇటు సగం, అటు సగం పంచేస్తున్నాం. ఓర్వకల్లు టికెట్ల లెక్క చూసి "కర్నూల్లో గిరాకీ లేదు" అంటే ఎట్లా? ఆ గిరాకీ హైదరాబాద్ ఖాతాలో పడుతోంది కదా.

దీన్ని కళ్లారా చూద్దామని ఒక రాత్రి పదిన్నరకి బస్టాండుకి పోయి టీ పట్టుకుని నిలబడ్డా. హైదరాబాద్ బస్సు ఎక్కేవాళ్లలో విమానం వాళ్లని ఇట్టే పట్టేయొచ్చు. చక్రాల పెట్టె, దాని హ్యాండిలుకు పాత ప్రయాణం కాగితం ట్యాగు ఇంకా వేలాడుతుంటుంది. మెడలో గాలి దిండు. చుట్టూ ఇంట్లోవాళ్లు నలుగురు, ఒకరి చేతిలో ఊరగాయ డబ్బా, "కారితే దింపేస్తారంట, ఇంకో కవరు చుట్టు" అని గొడవ. ఒక్క బస్సులోనే పదకొండు పెట్టెలు లెక్కపెట్టా. కండక్టరు నన్ను అనుమానంగా చూస్తే, దగ్గరికి పోయి విషయం చెప్పా. "రోజూ ఇంతే సార్, నన్నడిగితే నేనే చెప్పేవాణ్ని కదా" అన్నాడు.

మా మేనల్లుడి కథ నీకు తెలుసుగా, ఇంటర్వ్యూకని నీ దగ్గరికి రావాల్సినవాడు. పొద్దున ఐదున్నర విమానానికి రాత్రి పది గంటల బస్సు ఎక్కించా. కొత్తకోట దగ్గర టైరు పోయింది. డ్రైవరు దగ్గర జాకీ ఉంది, అది లేవదు. షాద్‌నగర్ దాటుతుంటే పైన ఏదో విమానం పోతోందంట. "మామా, నాదేనేమో" అని ఫోన్ చేశాడు. నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆ టికెట్టు డబ్బులు పాయె, ఉద్యోగమూ పాయె. శంషాబాద్‌లో టికెట్టు చవక అని అందరూ అంటారు. బస్సు చార్జి, పాడైన నిద్ర, ముందురోజే బయల్దేరడం ఎవరూ కలుపుకోరు.

ఇక కడప సంగతి చూడు. 2015లో కొత్త టెర్మినల్ తెరిచి ఎయిర్ పెగాసస్ వచ్చింది. ఏడాది తిరగ్గానే ఆ కంపెనీయే మూతబడింది. 2017 ఏప్రిల్‌లో ఉడాన్ కింద, అదే చిన్న ఊళ్లకు విమానాలు నడిపించే కేంద్రం పథకం, హైదరాబాద్ నుంచి ట్రూజెట్ మొదలైంది, ప్రధాని సిమ్లా నుంచి జెండా ఊపిన తొలి విమానాల్లో అదొకటి. 2022లో ఆ కంపెనీ విమానాలూ ఆగిపోయాయి. కడపోళ్ల తప్పేముంది అందులో? చిన్న ఊరు చిన్న కంపెనీని నమ్ముకుంటే, కంపెనీతోపాటు ఊరి విమానమూ పోతుంది. అందుకే నేను చెప్పేది, వచ్చేవాడి దగ్గర నాలుగు విమానాలు కాదు, నలభై ఉండాలి.

ఉడాన్‌ని తీసిపారేయడం లేదు. ఓర్వకల్లుకు ఊపిరి పోసింది అదే. 2021 మార్చి 28న బెంగళూరు, చెన్నై, విశాఖకు విమానాలు ఎగిరింది దాని పుణ్యమే. గంట ప్రయాణానికి 2,500 అని మొదట్లో ధర పెట్టి, సగం సీట్లు ఆ ధరకే అమ్మించి, కంపెనీకి తగ్గిన డబ్బు మూడేళ్లపాటు భర్తీ చేసే పథకం అది. అందులో 20 శాతం రాష్ట్రానిది. మిగతాది పెద్ద రూట్ల విమానాల మీద వేసిన లెవీ నుంచి వస్తుంది. అంటే నువ్వు ముంబై నుంచి ఢిల్లీ పోయినప్పుడల్లా కర్నూలుకు చందా కట్టినట్టే, థాంక్స్ రా. కానీ మూడేళ్లయ్యాక ఆ ఊతకర్ర తీసేస్తారు. అప్పటికి సొంతంగా నడవడం రావాలి. 2025 జులైలో విజయవాడకు వారానికి మూడు రోజులు వేశారు, సంతోషమే. నీకు మాత్రం దాంతో పనిలేదు.

మొన్న రాత్రి నిద్రపట్టక అమెరికాలో విచిటా అనే ఊరి గురించి చదివా. వాళ్లూ మనలాగే కార్లేసుకుని, సుమారు మూడు వందల కిలోమీటర్ల దూరంలోని కాన్సాస్ సిటీకి పోయి విమానం ఎక్కేవాళ్లంట. 2002లో ఎయిర్‌ట్రాన్ అనే చవక సంస్థని పిలిచి, నష్టం వస్తే భరిస్తామని నగరమే హామీ ఇచ్చింది. ఊళ్లో వ్యాపారులూ ఆ విమానంలోనే తిరుగుతామని మాటిచ్చారు. అది రాగానే మిగతా కంపెనీలూ రేట్లు దించాయి. ప్రజల డబ్బు ఏళ్లతరబడి పోయాల్సి వచ్చింది, తిట్టినవాళ్లూ ఉన్నారు. నాకు నచ్చింది ఆ మాటివ్వడం. శాలువాకి బదులు, "ఏడాదికి మావాళ్లు ఇన్నిసార్లు ముంబై పోతారు" అని పత్తి వ్యాపారులు, బంగారం షాపులవాళ్లు, ఆసుపత్రులవాళ్లు సంతకం పెట్టి ఇస్తే, అది చూపించడానికి ఒక కాగితమైనా ఉంటుంది.

అందుకే వినతిపత్రం పక్కన పెట్టించి, నోటుబుక్కు తెరిచా. నా షాపుతోపాటు ఇంకో ముగ్గురు ఏజెంట్లు మూడు నెలల టికెట్లు తిరగేస్తున్నాం. పేర్లు వద్దు, ఏ ఊరివాళ్లు, ఎక్కడ ఎక్కారు, ఎక్కడికి పోయారు, ఎంత పెట్టారు, అంతే. నంద్యాలవి, ఆదోనివి వేరే. ఆదోనివాళ్లతో తంటా ఏంటంటే వాళ్లకు ముంబై రైలు గుమ్మం ముందరే ఉంది, వాళ్లు విమానం మాట ఎత్తరు. ఓర్వకల్లు వాళ్లకు దూరం కూడా. అది దాచి రాస్తే కంపెనీవాడు ఒక్క నిమిషంలో పట్టేస్తాడు, కాబట్టి ఉన్నదున్నట్టు రాస్తున్నా. ముంబైలో విమానం దిగి ఎగరడానికి సరైన టైముకి స్లాటు దొరకడం ఇంకో తలనొప్పి. అర్ధరాత్రి దిగే విమానమైతే ఓర్వకల్లు నుంచి ఇంటికి ఎట్లా వస్తావు, నడిచా?

ఇప్పుడు నీ పని. అక్కడ మనవాళ్ల వాట్సాప్ గ్రూపు ఒకటుందన్నావు కదా. ఏడాదికి ఎన్నిసార్లు ఊరికి వస్తారు, రైలా, శంషాబాదా, ఇంటిల్లిపాదీ వస్తారా, ఒక్కరేనా అని అడిగి రాసి పంపు. "సూటి విమానం ఉంటే నెలనెలా వస్తాం" అనేవాళ్లని నమ్మకు. పోయినేడాది ఎన్నిసార్లు వచ్చారో అదే రాయి. నువ్వు రెండుసార్లు వచ్చావు, రెండుసార్లూ ఆదోనిలోనే దిగావు, నా పుస్తకంలో నిన్ను రైలు ఖాతాలోనే వేశా.

అమ్మ అడిగిందని చెప్పమంది. పోయినసారి నా గొడుగు నీ సంచిలో పోయింది, ఈసారి తెచ్చెయ్. ఇక్కడ వానలు మొదలయ్యాయి, తుగ్గలి వైపు జనం వజ్రాలు ఏరడానికి అప్పుడే బయల్దేరారు.

ఇట్లు,
నీ బెంచీ పక్కోడు