పాడైంది సెన్సారు, మార్చమన్నది కంట్రోలర్

సంపాదకుల వారికి నమస్కారం.

రిపేరుకు వచ్చినవాళ్లు ఏ భాగం పాడైందో మన కళ్లముందు పరీక్ష చేసి చూపించాకే మార్చాలి. తీసేసిన భాగాన్ని మన చేతికి ఇవ్వాలి. మీ పత్రిక ద్వారా నేను కోరేది ఇదే. ఎందుకంటే మాకు జరిగింది చెబుతాను.

మాది సామర్లకోటలో చిన్న బేకరీ. బన్నులు, పఫ్‌లు, దిల్‌పసంద్, డిసెంబరులో కేకులు, అన్నీ ఒకే కరెంటు ఓవెన్‌లో చేస్తాం. న్యూ ఇయర్ ఆర్డర్లు చేతిలో ఉండగా కేకులు పైన మాడి, నడుమ పచ్చిగా రావడం మొదలైంది. డిస్‌ప్లేలో మాత్రం 180 డిగ్రీలే. మా మాస్టరు తలుపు తీసి, సెగ తగలగానే "అమ్మా, ఇది రెండొందల యాభైకి తక్కువ ఉండదు" అన్నారు.

సర్వీసు నుంచి వచ్చిన కుర్రాడు వెనక మూత విప్పి, హీటర్లను నడిపే కంట్రోలర్ పోయిందని, పదకొండు వేలవుతుందని, రావడానికి వారం పడుతుందని చెప్పాడు. కరెంటు కొలిచే మీటరును బ్యాగులోంచి బయటికి తియ్యలేదు. ఆ సీజన్‌లో వారం రోజులు ఓవెన్ ఆపడమంటే ఎంత టెన్షనో బేకరీ నడిపేవాళ్లకు తెలుసు.

మా మేనల్లుడు ఐటీఐలో ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ చదివాడు. వాడు ఫోన్‌లో చెబుతుంటే మా వీధి ఎలక్ట్రీషియన్ పరీక్ష చేశాడు. కరెంటు పని కాబట్టి తెలిసినవాళ్లే చెయ్యాలి. ఓవెన్ వేడిని కనిపెట్టేది థర్మోకపుల్ అనే సెన్సారు. రెండు వేర్వేరు లోహాల తీగల్ని కొసన అతుకుతారు. ఆ అతుకు వేడెక్కితే చిన్న వోల్టేజి పుడుతుంది. మా ఓవెన్‌లో ఉన్న కె రకానికి అది డిగ్రీకి సుమారు 41 మైక్రోవోల్టులు. కంట్రోలర్ దాన్ని చదివే హీటర్లను నడుపుతుంది.

ముందు మెయిన్ ఆపి సెన్సారు తీగలు ఊడదీశాడు. అవి ఉన్న రెండు స్క్రూల మధ్య చిన్న రాగి తీగ బిగించి, హీటర్ల స్విచ్చు (ఎంసీబీ) ఆపే ఉంచి, కంట్రోలర్‌కు మాత్రం కరెంటు ఇచ్చాడు. కంట్రోలర్ బాగుంటే అప్పుడు గది వేడి చూపించాలట. 29 చూపించింది. పదకొండు వేల వస్తువు నిక్షేపంలా ఉంది!

తర్వాత సెన్సారును మళ్లీ తగిలించి దాని కొసను మరిగే నీళ్లలో ముంచాడు. 100 దగ్గరికి రావాల్సిన అంకె కదల్లేదు. వెతికితే, సెన్సారు ఓవెన్ గోడలోకి దూరే కన్నం దగ్గర రేకుకు ఒరుసుకుని తొడుగు మాడిపోయింది, లోపలి తీగలు రెండూ ఒకదానికొకటి తగులుతున్నాయి. అవి తగిలిన చోటే కొత్త అతుకు అయిపోతుంది. అందుకే కంట్రోలర్ లోపలి వేడిని వదిలేసి, గోడ బయటి వేడిని చదువుతూ హీటర్లను అవసరానికి మించి నడిపించింది. తీగ తెగలేదు కాబట్టి మీటరుతో కంటిన్యుటీ, అంటే తీగ తెగిందా లేదా అన్నది మాత్రమే చూసి ఉంటే ఇది దొరికేది కాదు. మరిగే నీళ్ల పరీక్షే దీన్ని బయటపెట్టింది.

పాత సెన్సారు పట్టుకెళ్లి కాకినాడలో కొత్తది కొన్నాం, కొన్ని వందల్లో అయిపోయింది. కొట్టాయన అడిగిన మొదటి ప్రశ్న "కె నా, జె నా?" అని. కె కంట్రోలర్‌కు జె రకం పెడితే అంకె ఎక్కువ చూపిస్తుంది, ఓవెన్ సరిగా కాగదు. ప్లస్, మైనస్ తారుమారైతే ఇంకా ప్రమాదం. ఓవెన్ కాగేకొద్దీ అంకె తగ్గుతుంది, హీటర్లు ఆగవు. తీగ చాలకపోతే మామూలు రాగి వైరుతో పొడిగించకూడదని, అదే రకం తీగ వాడాలని కూడా ఆయనే చెప్పారు.

ఆ కుర్రాణ్ణి తిట్టాలని ఇది రాయడం లేదు. కొలవడం నేర్పకుండా పంపినవాళ్లదే బాధ్యత. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 డిసెంబరులో రైట్ టు రిపేర్ (రిపేరు హక్కు) పోర్టల్ తెచ్చింది, రిపేరు వివరాలు అందరికీ దొరికేలా పెట్టే వెబ్‌సైటు అది. ఫోన్లు, కార్ల మాటే ఎక్కువగా వింటున్నాం. మా లాంటివాళ్ల పొట్ట నింపే ఓవెన్లు, మిక్సర్ల తయారీదారులు కూడా మాన్యువళ్లు, విడిభాగాల ధరలు అందరికీ కనిపించేలా పెట్టాలి. కనీసం ఓవెన్ వెనక రేకు మీద సెన్సారు రకం, ఏ తీగ ప్లస్సో ఏది మైనస్సో తెలుగులో అచ్చు వెయ్యాలి. బిల్లులో చేసిన పరీక్ష, వచ్చిన రీడింగ్ రాయకపోతే డబ్బు కట్టొద్దని తోటి బేకరీ వాళ్లకు నా మనవి.

– ఒక బేకరీ యజమానురాలు, సామర్లకోట