ఆ వీడియో గురించి, ఈ నెల ఫీజు గురించి

మన సాయంత్రం చదువు క్లాసుకు పిల్లల్ని పంపుతున్న అమ్మలకు, నాన్నలకు, వాళ్లను దింపి బయట అరుగు మీద కూర్చునే అవ్వాతాతలకు నమస్కారం.

జూలైలో గ్రూపులో ఒక వీడియో పెట్టాను, చూసే ఉంటారు. మూడో తరగతి పిల్లోడు. జూన్‌లో చేరినప్పుడు ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివినవాడు నెల తిరిగేసరికి పుస్తకం పట్టుకుని ‘ఉప్పు కప్పురంబు’ పద్యం గడగడా చదివేశాడు. మీరంతా మెచ్చుకున్నారు. ఆ వారంలోనే కొత్తగా ఐదుగురు చేరారు. ఆ వీడియోలో వాడు చదవడం లేదు. కావాలని మోసం చేయలేదు, అప్పటికి నేనూ నమ్మాను. కానీ దాని మీద ఫీజులు తీసుకున్నాను కాబట్టి ఈ సంగతి నేనే చెప్పాలి.

ఆగస్టులో ఒకరోజు క్లాసు మధ్యలో కరెంటు పోయింది. పిల్లలందరూ ఒకటే అరుపులు. ఆ వీడియో పిల్లోడు మాత్రం పుస్తకం ముందేసుకుని ఆ చీకట్లోనే మిగిలిన పాదాలు పూర్తిచేసి, తర్వాతి పద్యం కూడా అందుకున్నాడు. అందరం నవ్వాం. రాత్రి పడుకున్నాక మాత్రం నాకు నవ్వు రాలేదు. మర్నాడు ‘ఉప్పు కప్పురంబు’ పద్యంలోనే మూడో పాదం మధ్యన ‘పుణ్య’ అన్న మాట మీద వేలు పెట్టి ఇదేంటి నాన్నా అని అడిగాను. వాడు మొదటి నుంచి పెదాలు కదుపుకుంటూ వచ్చి, లెక్క తప్పి, ‘పురుషులందు’ అన్నాడు. “మా జేజి నేర్పించింది మిస్, నాకొచ్చు” అని పైగా. జేజి అంటే వాళ్ల అవ్వ. నోటికి వచ్చింది, నిజమే. కంటికి రాలేదు. ఆ వారమంతా ఒక్కొక్కరినీ అలాగే అడిగి చూస్తే 14 మందిలో 6 మందిది ఇదే కథ.

అయితే పద్యాలు మానేద్దామా అని ఇంట్లో వాళ్లు అడిగారు. మానలేదు. కూడబలుక్కుని చదివే పిల్లలకు తెలివి తక్కువేం కాదు. వత్తు ఏది, దీర్ఘం ఉందా లేదా అని చూసుకోవడానికే వాళ్ల బుర్ర సరిపోతుంది. వాక్యం చివరికి వచ్చేసరికి మొదట్లో ఏముందో మరిచిపోతారు. చిన్న భాగం ఇచ్చి, తగినంత వేగం వచ్చేదాకా దాన్నే మళ్లీ మళ్లీ చదివించి, ఆ తర్వాతే కొత్తది ఇస్తే ఈ భారం తగ్గుతుందని అమెరికాలో జే సామ్యూల్స్ అనే ఆయన 1979లో రాశారు. వినడానికి సులువే. పాఠంలో పేరాను నాలుగోసారి చదవమని చూడండి, పిల్లలు మొహం ఎలా పెడతారో! పద్యమైతే పదోసారి కూడా చదువుతారు, ఊగుతూ మరీ.

వేమన పద్యమైతే ఇంకో లాభం ఉంది. నాలుగు పాదాల్లో చివరిది చాలావాటిలో ‘విశ్వదాభిరామ వినురవేమ’ కాబట్టి, కొత్త పద్యం ఇచ్చినా పావు వంతు వచ్చేసిందన్న ధైర్యంతో మొదలుపెడతారు. ఎక్కడ ఆగాలో కూడా పద్యమే చెబుతుంది. ‘ఉప్పు కప్పురంబు’ అని ఒక విరుపు, తర్వాత ‘నొక్క పోలిక నుండు’. అదే వచనం ఇస్తే మన పిల్లలు ఊపిరి ఎక్కడ అయిపోతే అక్కడ ఆగుతారు. రెండో పాదంలో ‘చూడ’కు ‘జాడ’ తగులుతుంది చూడండి, ఆ చప్పుడు కోసమైనా ‘జాడ’ను వదలరు. యతి, ప్రాస అనే పేర్లు నేను చెప్పను. ఆ టెన్షన్ పెద్ద క్లాసుల్లో ఎలాగూ ఉంది.

పొరపాటు ఎక్కడంటే, అందరికీ వచ్చిన పద్యాలే ఎంచుకున్నాను. ఏ జేజీ నేర్పని పద్యాలు కావాలని కడప ఎర్రముక్కపల్లెలో బ్రౌన్ లైబ్రరీకి వెళ్లి కూర్చున్నాను. 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చిన బ్రౌన్ దొర వేమన పద్యాలను ఇంగ్లిష్ అనువాదంతో 1829లో అచ్చు వేయించారు. ఆయన బంగళా ఉన్న చోటే ఆ లైబ్రరీ ఉంది. బళ్లో చెప్పే పదో పదిహేనో పద్యాలు తప్ప మిగతావి మనలో చాలామందిమి విననే లేదు. ఒక నోటుబుక్కు నిండా రాసుకొచ్చాను. (కొన్ని పిల్లల ముందు చదివేవి కావు. అవి పక్కన పెట్టాను.)

ఇప్పుడు కొత్త పద్యం ఇచ్చే ముందు మొదటి పాదం నేను చదివి, తర్వాతది చెప్పమంటాను. చెప్పారా, ఆ పద్యం ఆ పిల్లకు చదవడానికి ఇవ్వను. చదివేటప్పుడు మాట మాట కిందా వేలు కదలాలి. పాదాలను చీటీలుగా కత్తిరించి కలిపేసి పేర్చమంటాను, కింది నుంచి పైకి చదివిస్తాను. ఒక్కోసారి నేనే ఒక మాట మార్చి రాస్తాను. ‘పప్పు కప్పురంబు’ అని రాసిన రోజు క్లాసంతా అల్లరే. చూసి నవ్వినవాళ్లు చదివినట్టు, నవ్వకుండా ‘ఉప్పు’ అన్నవాళ్లు దొరికిపోయినట్టు. చివర్లో అవే మాటలతో నేను రాసిన నాలుగైదు వాక్యాల మామూలు వచనం ఇస్తాను. రాగం లేకుండా దాన్ని చదవగలిగితేనే లెక్క.

నిమిషానికి ఎన్ని మాటలు చదువుతున్నాడని కొందరు నాన్నలు యూట్యూబ్ చూసి అడుగుతున్నారు. ఆ అంకెలు ఇంగ్లిష్‌వి. ‘చదవలేకపోయాను’ అని మనం ఒక్క మాటలో అనేదానికి వాళ్లకు నాలుగు మాటలు కావాలి. మీ పిల్లను పోయిన నెల ఆ పిల్లతోనే పోల్చి చెబుతాను, పక్కింటి పిల్లతో కాదు.

“వేమన పద్యాలు మా జేజి ఊరికే చెప్పేది, దానికి నెలకు 600 ఎందుకు మేడం?” అని ఒక అమ్మ అడిగింది. న్యాయమైన ప్రశ్నే. ఇంట్లో ఎవరైనా రోజూ పావుగంట పక్కన కూర్చుని, మాట మాట కిందా వేలు పెట్టించి వినగలిగితే నా దగ్గరికి పంపకండి. నిజంగానే చెబుతున్నాను.

ఇంకో మాట. అక్షరాలు, గుణింతాలే ఇంకా రాని పిల్లలకు ఈ పద్ధతి పనిచేయదు. అలాంటి ఇద్దరిని పద్యాల గుంపు నుంచి తీసి పక్కన విడిగా కూర్చోబెడుతున్నాను, ఏమీ అనుకోకండి. ఇంకో పాప ఎంతకీ ముందుకు రాకపోతే కంటి డాక్టరుకు చూపించమన్నాను. అద్దాలు వచ్చాక తేడా తెలుస్తోంది. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

వీడియో పిల్లోడు పోయిన వారం ఐదు వాక్యాల వచనం చదివాడు. రెండుచోట్ల తడబడ్డాడు, తానే వెనక్కి వెళ్లి దిద్దుకున్నాడు. వీడియో తీయలేదు.

వీడియో చూసి చేరిన ఐదుగురికీ మొదటి నెల ఫీజు వెనక్కి ఇస్తున్నాను. ముగ్గురు తీసుకున్నారు. ఇద్దరు “ఉండనీ మేడం” అన్నారు. ఉండనివ్వను. శనివారం ఆరు గంటలకు క్లాసు వదిలేటప్పుడు కవర్లో పెట్టి పిల్లల సంచుల్లో పంపుతాను. ఇంటికి రాగానే సంచి ముందు జేబు చూసుకోండి, బొరుగుల పొట్లంతో పాటు పారేసేరు.