నూటపదహారు చాకులు

ఒరేయ్ సత్తీ,

తిట్టుకో. సంక్రాంతికి రాస్తానన్న ఉత్తరం ఉగాది పచ్చడి తిన్నాక రాస్తున్నాను. ఫోన్లో చెబుదామంటే నువ్వెప్పుడూ ఆ బాలానగర్ ఫర్నేసు పక్కనే నిలబడి "ఆఁ... ఆఁ" అంటావు, సగం నీకు వినబడదు, సగం నాకు. ఇక్కడందరం కులాసా. అమ్మ మోకాలు నయం. చిన్నదానికి పై పన్ను ఊడింది. మంచు కరిగింది. వార్తలు సమాప్తం. ఇక చాకు సంగతికి వస్తాను.

మా ఊరి ఫుడ్ బ్యాంకు (లేనివాళ్ళకు తిండి సరుకులు ఊరికే ఇచ్చేది) కోసం ఇక్కడి చాకుల పిచ్చివాళ్ళ సంఘం ఒక మడత చాకు చేయిస్తోందని రాశాను కదా. లెక్కపెట్టి కొన్నే, మళ్ళీ చెయ్యరు. ఎన్ని అన్న దగ్గరే మొదటి పేచీ. ఒకాయన 100, ఇంకొకాయన 150. నేను 116 అన్నాను. అదేం లెక్క అన్నారు. మా వైపు ఇచ్చే చెయ్యి సున్నా దగ్గర ఆగదు, నూటపదహార్లు ఇస్తాం అన్నాను. అంతే, ఒప్పేసుకున్నారు! పెట్టెలో వేసే కాగితం మీద అది కూడా అచ్చేస్తారట. గోరింటాకు సంగతి మాత్రం అచ్చు వెయ్యనివ్వలేదులే, భయపడకు.

అసలు పేచీ ఉక్కు దగ్గర. అందరూ మాగ్నాకట్ అని కూర్చున్నారు. 2021లో వచ్చింది, లారిన్ థామస్ అనే లోహశాస్త్రవేత్త కుదిర్చిన పాళ్ళు. కార్బన్ 1.15 శాతం, క్రోమియం 10.7, వెనేడియం 4, నియోబియం 2, మాలిబ్డినం 2, చిటికెడు నైట్రోజన్. క్రోమియం అంత తక్కువైతే తుప్పు పట్టదా అంటావు. పట్టదు. మామూలు స్టెయిన్‌లెస్‌లో క్రోమియం కొంత కార్బైడ్లలో, అంటే కార్బన్‌తో కలిసిన గట్టి రేణువుల్లో, ఇరుక్కుపోతుంది. ఇందులో కార్బైడ్లు వెనేడియం, నియోబియంవి, కాబట్టి ఉన్న క్రోమియమంతా తుప్పు మీదికే వెళ్తుంది. దాన్ని కనిపెట్టినవాడికి దణ్ణం పెట్టాలి, అది వేరే సంగతి.

కానీ దాన్ని గట్టిపరచడానికి (హార్డెనింగ్) సుమారు 1120 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. మాకు చాకులు చేసే కార్ఖానా ఫర్నేసు 1100 దాటనివ్వరు. బయట వాక్యూమ్ ఫర్నేసుకు పంపితే మన గుప్పెడు బ్లేడ్లు వేరేవాళ్ళ బ్యాచ్‌లో పక్క వాయిద్యంలా కూర్చుంటాయి. గట్టిపడ్డాక పెళుసు తగ్గడానికి మళ్ళీ కాస్త కాచే టెంపరింగ్ వాళ్ళకు అనుకూలంగా ఉంటుంది, మనకు కాదు. మాగ్నాకట్‌ని 500 దాటించి టెంపర్ చేస్తే తుప్పును తట్టుకునే గుణమే తగ్గుతుంది. ఆ గుణం కోసమేగా డబ్బు పోసేది! పైగా ఆ ఉక్కును పొడిగా చేసి అదిమి తయారుచేస్తూ వచ్చిన సిరక్యూస్ క్రూసిబుల్ కంపెనీ 2024 డిసెంబరులో దివాలా పిటిషన్ వేసింది. సరుకు ఎప్పుడొస్తుందో ఎవరూ గట్టిగా చెప్పలేదు.

రెండో జట్టు పాతకాలం వాళ్ళు. 1095 కావాలన్నారు. కార్బన్ 0.95, కాస్త మాంగనీసు, అంతే, క్రోమియం ఊసే లేదు. సాన మీద వెన్నలా పదునెక్కుతుంది, నాకూ ఇష్టమే. కానీ ధర్మానికి కొనేవాళ్ళలో సగంమంది చాకుల మనుషులు కారు రా. నిమ్మకాయ కోసి తుడవకుండా మడిచి జేబులో వేసుకుంటారు. మర్నాటికి నల్లమచ్చ, వారానికి ఎర్రమచ్చ, ఆపైన "మీ చాకు పాడైంది" అని ఉత్తరం. పాతవాళ్ళు దాన్ని పాటినా అని ముద్దుచేస్తారు. కొత్తవాళ్ళకు అది చిలుమే.

మూడో మనిషి ఒక్కడే, డమాస్కస్ అన్నాడు. నాకు వొళ్ళు మండింది. అసలు డమాస్కస్ కత్తులకు మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మూసల్లో కరిగించిన ఉక్కు వెళ్ళేది, పర్షియా వర్తకులు వచ్చి కొనుక్కుపోయేవాళ్ళు, ఇంగ్లీషువాళ్ళ "వూట్జ్" మన "ఉక్కు" లోంచే వచ్చిందంటారు, ఇప్పుడు ఆ పేరుతో అమ్మేది 1095, 15ఎన్20 అనే రెండు రేకులు మడతలు పెట్టి కొట్టి, ఫెర్రిక్ క్లోరైడ్‌లో ముంచిన చారల ఉక్కు, రెండూ ఒకటి కావు అని చెప్పాను. కాస్త ఎక్కువే చెప్పానేమో. తర్వాత అతను కాఫీ ఇచ్చాడు, గొడవేం లేదు.

చివరికి ఏఈబీ-ఎల్. స్వీడన్ ఉడ్డెహోమ్ వాళ్ళు గడ్డం గీసుకునే బ్లేడ్ల కోసం చేసిన ఉక్కు. కార్బన్ 0.67, క్రోమియం 13. పొడి ఉక్కు కాదు, అందుకే చవక. కార్బైడ్లు సన్నం, అంచు సన్నగా దించినా పెచ్చులూడదు, మామూలు రాతి మీద పదునెక్కుతుంది. చాలాకాలం మొద్దుబారకుండా ఉండడంలో మాగ్నాకట్ ముందు నిలవదు, ఒప్పుకుంటాను. కానీ ఈ చాకు ఏం కోస్తుంది చెప్పు? పార్సిల్ టేపు, పురికొస, జామకాయ.

డబ్బు కోసమే చవక ఉక్కు అన్నారేమోననుకుంటావని లెక్క చెబుతాను. బ్లేడు 70 మిల్లీమీటర్లు, పిడిలోకి వెళ్ళే భాగం 25, వెడల్పు 16, మందం 2.5. ఎక్కడా అరగదీయకముందు కొలిచినా ఒక్కోదానికి 30 గ్రాములు. 116కి పన్నెండు అదనం, 128 అనుకో. మొత్తం నాలుగు కిలోలు లేదు! నాలుగు కిలోల ఉక్కు కోసం మూడు నెలలు కొట్టుకున్నాం. ఖర్చంతా అరగదీతలో, హార్డెనింగ్‌లో. (70 ఎందుకంటే ఇంగ్లండులో 3 అంగుళాలు దాటని, లాకు లేని మడత చాకును మామూలుగా కారణం చెప్పకుండా జేబులో పెట్టుకోవచ్చు. అక్కడి సభ్యులు తొమ్మిదిమంది అడిగారు.)

హార్డెనింగ్ గురించి నీకు చెప్పడం హనుమంతుడికి కుప్పిగంతులు నేర్పడమే, అయినా ఈ ఉక్కు నీ చేతికి రాలేదన్నావు కాబట్టి రాస్తున్నాను. స్టెయిన్‌లెస్ రేకులో చుట్టి 1070 దగ్గర పది పదిహేను నిమిషాలు. తీసి, నూనె కాదు, రెండు దళసరి అల్యూమినియం పలకల మధ్య బిగించాలి. వంపు తిరిగితే ఇంకా వేడి ఉండగానే సరిచెయ్యాలి, పూర్తిగా గట్టిపడ్డాక సుత్తి వేశావో రెండు ముక్కలు. వెంటనే డ్రై ఐస్‌లో, మైనస్ 78. రేపు చేద్దాంలే అని వదిలేస్తే గట్టిపడకుండా మిగిలిపోయిన ఆస్టెనైట్ (ఉక్కులో మెత్తని భాగం) మొండికేస్తుంది, గట్టిదనం 60 రావాల్సింది 58 దగ్గర ఆగుతుంది. తర్వాత 175 దగ్గర రెండు గంటల చొప్పున రెండుసార్లు. మాకు కావాల్సింది గట్టిదనం కొలిచే రాక్‌వెల్ లెక్కలో 60 నుంచి 61. మన మెస్ ఇడ్లీ కంటే రెండు తక్కువ.

అంచును హార్డెనింగ్‌కి ముందే పూర్తిగా దించకూడదు, వేడికి అప్పడంలా అలలు తేలుతుంది. ముందు ఒక మిల్లీమీటరు ఉంచి, తర్వాత నీళ్ళు చల్లుకుంటూ 0.35కి దించాలి. బెల్టు దగ్గర గడ్డిరంగు కనబడిందా, అక్కడ మెత్తబడ్డట్టే.

ఇదంతా ఒక ఎత్తు. అసలు చెప్పాలని గింజుకుంటున్నది ఇప్పుడొస్తోంది.

పోయినవారం నమూనా వచ్చింది. చూపుకి బంగారం. తెరిస్తే టక్, సగంలో టక్, మూస్తే టక్. అందరూ చప్పట్లు. నాకు మూడో టక్ నచ్చలేదు. మొదటి రెండూ బరువుగా ఉన్నాయి, మూడోదాని వెనక సన్నగా ఇంకో చప్పుడు, గాజు మీద గోరు తగిలినట్టు. వెనక స్ప్రింగు (పిడి వెన్నులో ఉండి బ్లేడును పట్టి ఉంచేది) లోపలి వైపు మార్కర్ పెన్నుతో నల్లగా పూసి ఇరవైసార్లు టపటపా మూశాను. విప్పి చూస్తే సిరాలో మధ్యన వెంట్రుక మందాన తెల్లగీత. భూతద్దంలో అంచు మీద అదే చోట మెరుపు. అంటే మూసిన ప్రతిసారీ పదును వెళ్ళి స్ప్రింగుకు కొట్టుకుంటోంది! ఇక ఏ ఉక్కైతేనేం చెప్పు. మూడు నెలల యుద్ధం ఆ వెంట్రుక ముందు గాలికిపోయింది.

ఎందుకలా అంటే, మూసినప్పుడు బ్లేడు ఆగేది మడమ దగ్గరున్న చిన్న బొడిపె మీద. నిదానంగా మూస్తే అంచుకీ స్ప్రింగుకీ మధ్య 0.3 ఖాళీ ఉంది, బాగానే ఉంది. వదిలేస్తే ఆ ఊపుకి బొడిపె స్ప్రింగును నొక్కి, బ్లేడు ఇంకాస్త లోపలికి దిగి తిరిగొస్తుంది. మన పద్నాలుగో నంబరు గది గడియలాగే, మెల్లగా వేస్తే పడదు, విసిరితే రెండుసార్లు పడుతుంది. బొడిపె పెంచుదామా అంటే బ్లేడు పైకి లేచి మొన పిడి బయటికి పొడుచుకొస్తుంది, జేబు చిరుగుతుంది, వేలు తెగుతుంది. కార్ఖానావాళ్ళు ముందు అదే చేస్తామన్నారు. వద్దన్నాను. బొడిపె 0.1 మాత్రమే పెంచి, బ్లేడు కడుపు (అంచు వైపు) 0.4 లోపలికి తీయమన్నాను. అప్పుడు ఖాళీ కనీసం 0.8 అవుతుంది, మొన దాక్కునే ఉంటుంది.

స్ప్రింగు బిగువు కూడా దించాలి. ఒక పెద్దావిడ నమూనా తెరవబోయి గోరు విరగ్గొట్టుకుంది. స్ప్రింగు నడుము 3.0 మిల్లీమీటర్లుంది, 2.8 చెయ్యమన్నాను. ఇంతేనా అంటావు. బిగువు మందానికి ఘనం లెక్కన మారుతుంది కదరా, 0.2 తీస్తే దాదాపు 19 శాతం పోతుంది. ఇంకో 0.2 తీశారంటే బ్లేడు బొమ్మ చాకులా వేలాడుతుంది. స్ప్రింగు గట్టిదనం 46, 48 మధ్య చాలు. బ్లేడంత గట్టిగా చేస్తే పుటుక్కుమంటుంది, మరీ మెత్తనైతే వంగి అలాగే ఉండిపోతుంది.

మిగతావి గబగబా. పిడికి కణుజు కొమ్ము అడిగారు, మన దేశం నుంచి దాని ఎగుమతి ఎప్పుడో ఆపేశారు. ఎముక బావుంటుంది కానీ ఏసీ గదుల్లో ఎండి మేకుల దగ్గర చీలుతుంది. కాబట్టి మైకార్టా, గుడ్డను రెజిన్‌లో అదిమింది, పసుపు రంగు (మామిడిపండు రంగు అని నేనంటున్నాను, వాళ్ళు ఆవాల రంగు అంటున్నారు). దాని దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు, మాస్కు తప్పదు. బోల్స్టర్లు (పిడి చివర లోహపు తొడుగులు) నికెల్ సిల్వర్, పేరులోనే వెండి, ఉన్నది రాగి, నికెల్, జింకు. వరస నంబరు అచ్చుపోటుతో కొడదామన్నారు. అది మెత్తగా ఉన్నప్పుడే కొట్టాలి, పోటు లోతైతే చల్లార్చేటప్పుడు అక్కడినుంచే పగులు మొదలవుతుంది. పైగా 37వ నంబరు బ్లేడు వంపు తిరిగి పోయిందనుకో, మళ్ళీ 37 ఎక్కడినుంచి తెస్తావు? అందుకే అన్నీ అయ్యాక లేజరుతో.

డబ్బు లెక్క: అమ్మేది 145 డాలర్లు, తయారీ 88, పెట్టె, పోస్టు 9. మిగిలిన 48 ఫుడ్ బ్యాంకుకు. "లాభంలో కొంత భాగం" అని రాద్దామన్నారు. ఆ కొంత ఎంతో ఎవడికి తెలుసు? "చాకుకు 48 డాలర్లు" అని పెట్టె మీదే రాయించాం. 115 చాకులకు మొత్తం 5,520. 1వ నంబరు వేలం వేస్తారు, అది ఈ లెక్కలో లేదు.

116వ నంబరు నీకు అట్టిపెట్టాను. చాకు ఊరికే ఇస్తే స్నేహం తెగుతుందని ఇక్కడివాళ్ళూ నమ్ముతారు తెలుసా, చాకుతోపాటు ఒక పైసా నాణెం అంటించి ఇస్తారు, పుచ్చుకున్నవాడు ఆ నాణెం వెనక్కి ఇచ్చి కొనుక్కున్నట్టు చేస్తాడు. నువ్వు రూపాయి పంపు. పాత బాకీలో జమ అని మాత్రం రాయకు, అది వేరే...

అయ్యో, ఐదున్నరయింది. సవరించిన డ్రాయింగు ఆరులోపు కార్ఖానాకు వెళ్ళాలి, స్ప్రింగు దగ్గర ఇంకా 3.0 అనే ఉంది, మార్చలేదు. ఉంటాను రా, మిగతా

నీ తాబేలు