నా తొలి సొంత పాటల వెనుక నిలబడినవారికి కృతజ్ఞతలు

నండూరి సుబ్బారావు గారి ఎంకి పాటల్లో కొన్నింటికి కొత్తగా వరుసలు కట్టి నేను పాడిన చిన్న సంపుటి ఇటీవల విడుదలైంది. హైదరాబాద్‌లో నలుగురు మిత్రులతో కలిసి ఒక పాప్ బృందంలో ఏళ్ల తరబడి పాడిన తర్వాత, నా ఒక్కదాని పేరు మీద వెలువడిన మొదటి పని ఇది. దీనికి తోడ్పడినవారందరికీ ఫోన్ చేసి నా కృతజ్ఞత చెప్పుకున్నాను గాని, వారు నాకోసం ఏం చేశారో పాటలు విన్నవారికి కూడా తెలియడం న్యాయమని తోచి ఇక్కడ రాస్తున్నాను.

మొదటి కృతజ్ఞత నాతో పాడిన ఆ నలుగురికే. ఒక బృందం ఆగిపోయిందనగానే లోపల ఏదో తగాదా జరిగి ఉంటుందని చాలామంది అనుకున్నారు, కొందరు రాశారు కూడా. అది నిజం కాదు. మా బృందం పేరు, మా పాత రికార్డింగులు మాతో ఒప్పందం చేసుకున్న సంస్థకు చెందినవి. ఆ పేరు వినోద సేవల వర్గంలో ట్రేడ్‌మార్కుగా నమోదై ఉంది, నమోదును 10 ఏళ్లకొకసారి పొడిగించుకుంటూ పోవచ్చు కూడా. ఒప్పందం గడువు తీరాక ఆ పేరుతో వేదిక ఎక్కే వీలు మాలో ఎవరికీ మిగలలేదు. ఇక్కడ నేను ఆ పేరు రాయకపోవడానికి కారణం అదే.

అంతకంటే ఎక్కువగా నన్ను బాధించింది మరొకటి. మా పాత పాటలను ఆన్‌లైన్‌లో మళ్లీ ఎక్కించినప్పుడు పాడినవారి పేర్లు తీసేసి, బృందం పేరొక్కటే ఉంచారు. కొత్తగా అవకాశం వెతుక్కునే గాయని తాను పాడిన పాటను చూపించి ఇది నా గొంతు అని చెప్పుకోవడానికి ఆధారం లేకుండా పోతే ఆమెకు మిగిలేది ఏముంటుంది? అప్పుడు మా పరిచయస్తురాలైన ఒక న్యాయవాది అక్క, ఫీజు మాట ఎత్తకుండా, 1957 నాటి కాపీరైట్ చట్టానికి 2012లో చేసిన సవరణను నాకు ఓపికగా చదివి వినిపించారు. ఆ సవరణతో వచ్చిన 38బి సెక్షన్ ప్రకారం, రికార్డింగు మీద హక్కులు ఎవరికి బదిలీ అయినా, పాడినవారు తమను పాడినవారిగా గుర్తించమని అడిగే హక్కు వారి దగ్గరే ఉంటుందని ఆమె వివరించారు. ఆ సెక్షన్‌ను ఉటంకిస్తూ ఆమె రాసిన లేఖ మీద నేనొక్కదాన్నే సంతకం చేయాలనుకున్నాను, ఎందుకంటే మిగతావారిలో ఇద్దరికి ఆ సంస్థతో ఇంకా పని ఉంది. విషయం తెలిసి నలుగురూ వచ్చి సంతకాలు చేశారు. కొన్ని వారాలకు అయిదుగురి పేర్లూ తిరిగి పాటల పక్కన కనిపించాయి. తమకు నష్టం కలిగే అవకాశం ఉందని తెలిసి కూడా వారు పెట్టిన ఆ సంతకాలకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను.

ఎంకి పాటల దారి చూపించింది కూడా వారిలో ఒకరే. 2002లో ఛానల్ వీ అనే సంగీత టీవీ ఛానల్ పోటీ ద్వారా ఏర్పడిన, అయిదుగురు అమ్మాయిల పాప్ బృందం వివా మా తరం ఆడపిల్లలకు బాగా గుర్తు. ఆ అయిదుగురిలో ఒకరైన నేహా భసీన్ తరువాత హిందీతో పాటు తెలుగు, తమిళ సినిమాల్లో పాడారు, 2017లో ఫిల్మ్‌ఫేర్ అవార్డు అందుకున్నారు. అయితే నా మిత్రురాలు నాకు పంపినవి ఆ సినిమా పాటలు కావు, నేహా తన మాతృభాష పంజాబీలో సొంతంగా విడుదల చేసిన జానపద గీతాలు. నీ భాషలో నీకు అలాంటివి ఏమున్నాయో చూసుకొమ్మని ఆమె అడిగిన ఆ ఒక్క ప్రశ్నే ఈ సంపుటికి మొదలు.

ఆ ప్రశ్నకు జవాబు వెతుకుతున్నప్పుడు హక్కుల విషయంలోనూ న్యాయవాది అక్కే సాయపడ్డారు. సుబ్బారావు గారు 1957లో కన్నుమూశారు. రచయిత మరణించిన తరువాతి సంవత్సరం నుంచి 60 ఏళ్లు లెక్కవేస్తే, 2018 నుంచి ఆ సాహిత్యాన్ని ఎవరైనా పాడుకోవచ్చు. అయితే సాహిత్యం మీది హక్కు వేరు, వరుస మీది హక్కు వేరు. సుబ్బారావు గారి మాటలు అందరివీ అయినంత మాత్రాన, ఆ తరువాతివారు వాటికి కట్టిన వరుసలు అందరివీ కావు. అందుకే అన్నింటికీ కొత్త వరుసలే కట్టుకున్నాను. సొంతంగా పాడాలనుకునే చెల్లెళ్లు, తమ్ముళ్లు ఈ తేడాను ముందే తెలుసుకుంటే మంచిది.

ఇక మా గురువు గారు. రాంకోఠిలోని ప్రభుత్వ సంగీత కళాశాలలో ఎన్నో ఏళ్లు పాఠం చెప్పి విశ్రాంతి తీసుకుంటున్న ఆవిడ, నన్ను మళ్లీ సంగీతంలో తొలి పాఠాలైన సరళీ వరసల దగ్గర కూర్చోబెట్టారు. బృందంలో పాటలన్నీ ప్రధాన గాయనికి అనువైన శ్రుతిలో ఉండేవి, నేను కింద తోడు గొంతు పలికేదాన్ని. నా గొంతుకు అసలు ఏ శ్రుతి సరిపోతుందో ఎవరూ చూడలేదు, ఆ అవసరమూ రాలేదు. గురువు గారు కొన్ని ఉదయాలు మంద్ర స్థాయిలో, అంటే కింది స్వరాల్లో, సాధన చేయించి, అయిదున్నర శ్రుతి వదిలేసి అంతకంటే కిందిదైన నాలుగున్నరకు దిగమన్నారు. కింద మంద్ర పంచమం, పైన తార పంచమం రెండూ నొప్పి లేకుండా పలికిన రోజున నాకు కన్నీళ్లు ఆగలేదు.

ఊపిరి విషయం ఆవిడ చెప్పకపోతే నాకు తట్టేది కాదు. నలుగురైదుగురు కలిసి పాడేటప్పుడు ఒకరు ఊపిరి తీసుకుంటే మరొకరు స్వరాన్ని పట్టి ఉంచుతారు కాబట్టి విన్నవారికి పాట ఎక్కడా తెగదు. ఒక్కరే పాడేటప్పుడు ఊపిరి తీసుకున్న ప్రతిచోటా పాట ఆగుతుంది, కనుక అది అర్థం ఆగే చోటే కావాలి. గురువు గారు ప్రతి పాటనూ కాగితం మీద రాయించి, సంధి కలిసిన చోట మాట విరగకుండా, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో పెన్సిల్‌తో గీతలు పెట్టి ఇచ్చారు. రికార్డింగు రోజు ఆ కాగితాలే నా ముందున్నాయి.

ఏలూరు దగ్గరి పల్లెలో ఉండే మా పెద్దమ్మకు సంగీతం రాదు. సుబ్బారావు గారు ఏలూరులో న్యాయవాదిగా పనిచేశారని, ఆ పాటలు తన చిన్నతనంలో ఇంట్లో వినిపించేవని ఆమె చెప్పేది. నేను పాడి పంపిన ప్రతిదీ విని, ఫలానా మాటను పల్లెలో అలా సాగదీయరని, ఫలానా చోట అమ్మాయి నిష్ఠూరమాడుతోంది గాని ఏడవడం లేదని దిద్దింది. సంపుటిలో నాయుడుబావను పిలిచే పిలుపు సహజంగా ఉందని ఎవరికైనా అనిపిస్తే ఆ మెప్పు మా పెద్దమ్మకు చెందుతుంది.

కృష్ణానగర్‌లోని స్టూడియోలో రాత్రి వేళల్లో కరెంటు ఖర్చు మాత్రం తీసుకుని రికార్డు చేసిన సౌండ్ ఇంజనీర్ అన్నకు, వేణువు, వీణ, డోలక్ వాయించిన మిత్రులకు, ప్రతి పాట రికార్డింగునూ గుర్తించే ఐఎస్‌ఆర్‌సీ అనే అంతర్జాతీయ సంఖ్య తెప్పించి వివరాలన్నీ నింపిపెట్టిన తమ్ముడికి నమస్కారాలు. బంజారాహిల్స్‌లోని లామకాన్ అనే సాంస్కృతిక వేదికలో విడుదలకు ముందే ఈ పాటలు పాడినప్పుడు, పాత బృందం పాటలు అడగకుండా చివరిదాకా కూర్చుని విన్నవారిని మరిచిపోను. పాటలు ఇంకా తయారుకాకముందే సంపుటిని కొనుక్కుని డబ్బు పంపిన డల్లాస్, సింగపూర్ తెలుగువారి వల్లే వాద్యకారులకు ఆలస్యం లేకుండా చెల్లించగలిగాను.

వచ్చే రాబడిలో వాద్యకారుల వాటాలు కాగితం మీద రాసి అందరికీ ప్రతులు ఇచ్చాను. త్వరలో ఏలూరులో జరిగే కచేరీలో నా పాత బృందంలోని ఇద్దరు తోడు గొంతులు పలకడానికి ఒప్పుకున్నారు. కరపత్రం మీద వారి పేర్లు నా పేరున్నంత పెద్ద అక్షరాల్లోనే అచ్చవుతున్నాయి.